నాలుగు వ్యాసాలు, ఒకే వారం గడువు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమిస్టర్ చివరి వారంలో నాలుగు వ్యాసాలు అప్పగించాలి. గట్టిగా కూర్చుంటే ఒక్కొక్కటి రెండు రోజుల్లో అయిపోతుందని ప్రతిసారీ లెక్క వేసుకుంటాను. తీరా చూస్తే రోజులన్నీ చదవడానికే సరిపోయి, రాయడమంతా చివరి రాత్రికి మిగులుతోంది. ఇది నా బద్ధకమేనా? దీని నుంచి బయటపడేదెలా?

జవాబు: బద్ధకం కొంత ఉంటే ఉండవచ్చు గానీ, మీరు చెప్పినదాన్ని బట్టి అసలు చిక్కు మీ లెక్కలో ఉంది. చేయబోయే పనికి పట్టే సమయాన్ని మనుషులు సాధారణంగా తక్కువగా అంచనా వేస్తారని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. 1994లో వెలువడిన మరొక అధ్యయనంలో, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు తమకు సగటున 34 రోజులు పడుతుందని అంచనా వేయగా, నిజానికి 55 రోజులకు పైగా పట్టింది. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు వారే చెప్పిన 49 రోజుల లెక్కను కూడా అది దాటిపోయింది. కాబట్టి ఈసారి గట్టిగా కూర్చుంటానన్న నమ్మకాన్ని పక్కన పెట్టి, పోయిన సెమిస్టర్‌లో ఒక వ్యాసానికి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో గుర్తు చేసుకుని, దానినే కొలతగా తీసుకోండి. ఆ సంఖ్య చూడడానికి బాగుండకపోవచ్చు, కానీ నమ్మదగినది అదే.

ఇక చదవడం సంగతి. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో తేల్చుకోకుండా పుస్తకం తెరిస్తే ప్రతి పుటా అవసరమైనదిగానే కనిపిస్తుంది. పైగా చదువుతున్నంతసేపూ పని జరుగుతున్నట్టే ఉంటుంది కనుక, రాయకుండా తప్పించుకోవడానికి అంతకన్నా గౌరవనీయమైన మార్గం దొరకదు. అందుకే ముందుగా ప్రశ్నపత్రాన్నే రెండు మూడు సార్లు చదవండి. పోల్చమన్న చోట రెండింటినీ విడివిడిగా వర్ణించి ఊరుకుంటే, కారణాలు విశ్లేషించమన్న చోట జరిగిన కథంతా చెప్పుకుపోతే, ఎన్ని పుటలు నింపినా మార్కులు రావు. తరువాత, మీకు ఇప్పటికి తెలిసినంతలో ఆ ప్రశ్నకు మీ జవాబు ఏమిటో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. అది తప్పు కావచ్చు, రేపు మారనూ వచ్చు. అయినా, ఆ వాక్యాన్ని నిలబెట్టే ఆధారాలేమిటి, పడగొట్టేవేమిటి అన్న దృష్టితో చదివితే ఏ అధ్యాయం కావాలో, ఏది అక్కర్లేదో దానంతటదే తేలిపోతుంది.

నాలుగు వ్యాసాలకూ ఈ వాక్యాలను మొదటి రెండు మూడు రోజుల్లోనే రాసేయండి. కావలసిన పుస్తకాలను గ్రంథాలయం నుంచి ఇతరులకన్నా ముందే తెచ్చుకోవడానికీ, అధ్యాపకులు తీరికగా ఉన్నప్పుడే సందేహాలు అడగడానికీ అది వీలు కల్పిస్తుంది. రాయడం మాత్రం ఒకదాని తరువాత ఒకటిగానే సాగాలి, ఎందుకంటే ఉదయం ఒక విషయం, సాయంత్రం మరొక విషయం పెట్టుకుంటే ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవడానికే సగం సమయం పోతుంది. రంగురంగుల టైంటేబుల్ గీయడానికి ఒక పూట ఖర్చు చేయవద్దని కూడా చెప్పాలి, అదీ రాయకుండా ఉండడానికి మరో ఉపాయమే.

చిత్తుప్రతిని చిత్తుప్రతిలాగానే రాయండి. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టి మొదటి వాక్యం దగ్గరే గంటలు గడిపేవారు చాలామంది ఉన్నారు. మీకు బాగా తెలిసిన వాదన మధ్యలో ఎక్కడ ఉంటే అక్కడ మొదలుపెట్టి, వ్యాసం ఏం చెబుతోందో మీకే స్పష్టమయ్యాక ఉపోద్ఘాతం చివరన రాయవచ్చు. ఉదాహరణ గుర్తుకు రాకపోతే ఆ చోట ఖాళీ వదిలి ముందుకు సాగండి. చిత్తు పూర్తయ్యాక కనీసం ఒక రోజు దాన్ని ముట్టుకోకుండా ఉండి, ఆ తరువాత పైకి చదివితే తడబడిన వాక్యాలు చెవికే తెలుస్తాయి.

చివరి రాత్రి జాగారం గురించి ఒక్క మాట. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి దిగజారుతుందని 1997లో ప్రచురితమైన ప్రయోగం ఒకటి చూపింది. అలాంటి స్థితిలో రాసిన వాదనను సరిదిద్దుకునే వ్యవధి కూడా మీకు ఉండదు.

ప్రశ్న: నోట్సులో ఏ వాక్యం నాదో, ఏది పుస్తకంలోదో చివరికి నాకే తెలియడం లేదు. కృత్రిమ మేధతో రాయించుకుంటే ఈ బాధ తప్పుతుంది కదా?

జవాబు: తప్పదు, ఇంకా పెరుగుతుంది. అసలు ఉనికిలోనే లేని పుస్తకాలకు కూడా ఆ సాధనాలు రచయిత పేరు, సంవత్సరం, పుటసంఖ్య కల్పించి ఇవ్వగలవు, వాటన్నిటినీ సరిచూసే భారం మీ మీదే పడుతుంది. మీ కళాశాల వాటిని ఎంతవరకు అనుమతిస్తుందో ముందుగా తెలుసుకోండి. నోట్సు విషయానికి వస్తే, పుస్తకంలోని మాటలు యథాతథంగా ఎత్తి రాసుకున్నప్పుడల్లా అప్పటికప్పుడే ఉల్లేఖన చిహ్నాలు పెట్టి, పక్కన పుటసంఖ్య వేయండి. సొంత మాటల్లో చెప్పదలిస్తే పుస్తకం మూసి రాయండి, తెరిచి ఉంచి పదాలు మాత్రం మార్చితే అది గ్రంథచౌర్యం కిందికే వస్తుంది. మాటలు మీవే అయినా ఆలోచన మరొకరిదైతే మూలాన్ని పేర్కొనక తప్పదు.

ప్రశ్న: ఒక వ్యాసం గడువులోగా పూర్తి కాదని ఇప్పటికే తెలిసిపోయింది. అధ్యాపకురాలిని అడగడానికి మొహమాటంగా ఉంది.

జవాబు: గడువు దాటాక అడగడం కన్నా ఇప్పుడు అడగడమే తేలిక. ఇంతవరకు ఏం పూర్తయిందో, ఇంకా ఎన్ని రోజులు కావాలో క్లుప్తంగా రాసి పంపండి, సాకులు పేర్చవద్దు. ఆమె ఒప్పుకోకపోతే ఆలస్యానికి ఎన్ని మార్కులు కోస్తారో నిబంధనల్లో చూసుకుని, ఆ కోత కన్నా అసంపూర్ణమైన వ్యాసం ఇవ్వడమే మేలనిపిస్తే ఉన్నంతవరకు ముగింపు రాసి గడువులోగా అప్పగించండి.