ఈఈజీలో కనిపించే గామా లయ అంతా దృశ్య వల్కలానిదేనా?

అంతా కాదు. ఈఈజీ అంటే తలపై ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తును కొలవడం; గామా అంటే మెదడులోని వేగమైన విద్యుత్ లయ; దృశ్య వల్కలం అంటే తల వెనుక వైపున చూపును చూసుకునే మెదడు పొర. లయ ఉన్నమాట నిజమే: 1989లో చార్లెస్ గ్రే, వోల్ఫ్ సింగర్ పిల్లి దృశ్య వల్కలంలో ఎలక్ట్రోడ్ దించి, సరైన దిశలో కదిలే గీత చూపితే న్యూరాన్లు సుమారు 40 హెర్ట్జ్ లయలో స్పందిస్తాయని గమనించారు. చిక్కంతా తలపై నుంచి కొలిచేటప్పుడే.

మనకు తెలియకుండానే కళ్లు చిన్నగా అదురుతుంటాయి. అలా అదిరినప్పుడల్లా కంటి కండరాల నుంచి ఒక విద్యుత్ స్పైక్ వస్తుంది. బొమ్మ కనిపించిన 200-300 మిల్లీసెకన్లకు ఈ కదలికలు ఎక్కువవుతాయి కాబట్టి, చాలాసార్లు చూపి తీసుకున్న కొలతల సగటు తీస్తే, చాలా పౌనఃపున్యాల మీద పరుచుకున్న వెడల్పాటి గామా ప్రత్యక్షమవుతుంది. 2008లో యువల్-గ్రీన్‌బర్గ్ బృందం చూపించింది ఇదే. ఈ రంగానికి అది చాలా అవసరమైన హెచ్చరిక.

తెరపై చారల బొమ్మ చూపితే, వల్కలం నుంచి వచ్చే అసలు లయ ఇరుకైన పౌనఃపున్య పట్టీలో, తల వెనుక ఎలక్ట్రోడ్లలో, ఆ చారలు తెరపై ఉన్నంతసేపూ నిలుస్తుంది. కాంట్రాస్ట్ (చారల వెలుగు-చీకటి తేడా) పెంచితే దాని పౌనఃపున్యమూ పెరుగుతుంది.

కాబట్టి పెద్ద, గాఢమైన చారలు చూపండి, ఐ ట్రాకర్ (కంటి కదలికలను నమోదు చేసే పరికరం) తప్పక పెట్టండి, మొదటి 400 మిల్లీసెకన్లు విశ్లేషణలో కలపకండి. మన 50 హెర్ట్జ్ కరెంటు సరిగ్గా ఈ పట్టీలోనే పడుతుంది. ఆ ఒక్క పౌనఃపున్యాన్ని తీసేసే నాచ్ ఫిల్టర్ వేస్తే సిగ్నల్ కూడా కొంత పోతుంది. ముందు ఎర్తింగ్, కేబుళ్లు సరిచూసుకోండి.