నల్లరేగడి నేలలో రోడ్డు వేసేటప్పుడు వరి ఊక బూడిద మట్టికి బలాన్నిస్తుందా?

ఇస్తుంది, కానీ సున్నంతో కలిపితేనే. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా; అది తనంతట గట్టిపడదు, సున్నం, తేమ తోడైతేనే పట్టు కడుతుంది. గడ్డలు చితక్కొట్టి, ఎండు మట్టి బరువులో 4–6 శాతం పొడిసున్నం, 8–12 శాతం బూడిదతో మొదలుపెట్టి, అసలు పాళ్లు సీబీఆర్ పరీక్షతో (రోడ్డు కింది మట్టి ఎంత బలంగా ఉందో కొలిచేది) తేల్చుకోండి. బూడిద నీళ్లు బాగా తాగుతుంది. అందుకే ఎంత నీరు కలిపితే మట్టి బాగా అణుగుతుందో తేల్చే ప్రాక్టర్ పరీక్ష ఉత్త మట్టికి కాదు, మిశ్రమానికే చేయించాలి. రోలరు తొక్కించాక కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకండి.

ఎక్కువగా దెబ్బతినేది బూడిద దగ్గరే. సుమారు 700 డిగ్రీలు దాటి కాలితే సిలికా స్ఫటికంగా మారి సున్నంతో సరిగా చర్య జరపదు. నల్లగా ఉంటే కాలని కార్బన్ మిగిలినట్టే. రైసుమిల్లు బాయిలరు బూడిదను పరీక్షించకుండా కొనొద్దు. మట్టిలో సల్ఫేట్లు ఎక్కువుంటే సున్నం జోలికే వెళ్లొద్దు, పొర ఉబ్బి రోడ్డు లేస్తుంది.