బావమరిది పేరు మీద పొలం: క్లాతెన్ నుంచి జవాబు

తమ్ముడూ, ఇండోనేషియా అమ్మాయిని చేసుకుని, జావాలోని క్లాతెన్ జిల్లాలో వరిపొలానికి బయానా ఇచ్చానంటూ నువ్వు రాసిన సందేహాలన్నీ చదివాను. వీసా సంగతి ఇమిగ్రేషన్ వాళ్ళ సైట్‌లో ఉంటుంది. పెళ్ళి మీద ముందు కితాస్ (తాత్కాలిక నివాస అనుమతి), కొన్నాళ్ళకి కితాప్ (శాశ్వత నివాస అనుమతి). మాకు అయింది, నీకూ అవుతుంది. గోంగూర దొరుకుతుందా అన్నావు. రోసెల్లా టీ అని ఎర్రగా ఎండబెట్టి అమ్ముతారే, ఆ మొక్క ఆకే గోంగూర. పెరట్లో నాలుగు గింజలు పడేసుకో. చింతపండుకి ఇక్కడి పేరే అసమ్ జావా, వెతుక్కునే పనే లేదు. ఒంటరితనం అంటావా, జావా పల్లె నిన్ను ఒంటరిగా ఉండనిస్తే కదా! రాత్రి గస్తీకి నీ వంతు వస్తుంది, వీధి శుభ్రానికి పార పట్టుకుని రమ్మంటారు, నెలనెలా ఆర్‌టీ (వీధి ఇళ్ళ సంఘం) మీటింగులో నేల మీద చాప వేసి కూర్చోబెడతారు. ఇవన్నీ అవే అలవాటవుతాయి. డబ్బు విషయం మాత్రం అలా కాదు. ‘బావమరిది పేరు మీద కొంటే పోలా’ అని చివర్లో ఒక ముక్క రాశావు చూడు, నా జవాబంతా దాని గురించే.

నేను చిలకలూరిపేటలో మిల్లు ఫిట్టర్‌ని. ఇక్కడి సోలో ఊరి దగ్గర స్పిన్నింగ్ మిల్లుకి వచ్చాను. జీతం రుపియాల్లో లక్షలకి లక్షలు కనపడేసరికి పల్నాటివాడికి ఏం బుద్ధి పుడుతుంది? పొలం. ఆదివారం మోటార్‌సైకిల్ మీద క్లాతెన్ వైపు వెళ్తే దెలంగు చుట్టూ వరే వరి, కాలవలో మెరాపి కొండ నీళ్ళు, ఏడాదికి రెండు పంటలు ఖాయం, నీళ్ళు బాగుంటే మూడోది కూడా. మతి పోయింది. మిల్లులో ఒక సూపర్‌వైజరు ‘నా పేరు మీద కొనుక్కో, నోటరీ దగ్గర కాగితం రాసుకుందాం’ అన్నాడు. ఆయన మోసగాడు కాదు, ఇప్పటికీ అదే చెప్తాను. కాగితం కూడా బ్రహ్మాండంగా ఉంది: మెతెరాయ్ (రెవెన్యూ స్టాంపు) బిళ్ళ, ముద్ర, డబ్బు నాదేనని స్పష్టంగా రాత. దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయాను.

ఆయన గుండెపోటుతో పోయాక తెలిసింది దాని విలువ. 1960 నాటి వాళ్ళ భూమి చట్టంలోనే ఉంది: హక్ మిలిక్, అంటే మనం పట్టా అనుకునే పూర్తి హక్కు, వాళ్ళ పౌరులకే. తిప్పితిప్పి విదేశీయుడికి చేరేలా రాసుకున్న ఒప్పందం చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. అడగడానికి లేదు అని చట్టంలో రాసిపెట్టారు తమ్ముడూ! ఆ వాక్యం నోటరీ నాకు చదివి వినిపించలేదు, ఆయన ఫీజు మాత్రం చదివి వినిపించాడు.

అసలు ఆ పొలం అమ్మినవాడి పేరు మీదైనా ఉందా అంటే, అదీ లేదు. నాకు చూపించింది ఏటా కట్టే భూమి పన్ను చీటీ. అది పన్ను కట్టినట్టు రుజువు, అంతేగానీ పొలం వాళ్ళదేనని కాదు. తర్వాత బలాయ్ దెసాకి, అంటే పంచాయతీ ఆఫీసుకి వెళ్తే, చారిక్ (ఊరి కార్యదర్శి) బీరువాలోంచి లెటర్ సీ పుస్తకం, అంటే ఊరి పాత భూముల రిజిస్టరు, తీశాడు. వెన్నుకి గుడ్డ పట్టీ అతికించిన పుస్తకం, పాత డచ్చి స్పెల్లింగులో పేర్లు, మార్పులకి ఎర్ర సిరా గీతలు. మన పొలం దగ్గర ఒక్క ఎర్ర గీత కూడా లేదు. అమ్మినవాడి తాత పేరే ఉంది. ఆ తాత సంతానంలో సగం మంది సుమత్రా దీవిలోని లాంపుంగ్‌కి వలసపోయారు, వాళ్ళ సంతకాలు ఎవరూ తీసుకోలేదు.

సూపర్‌వైజరు భార్య మాత్రం కొన్నాళ్ళు కోత కోతకీ కవర్లో కొంత పెట్టి పంపేది. చట్టప్రకారం ఒక్క రుపియా ఇవ్వక్కర్లేదు ఆవిడ. పిల్లాడు కాలేజీలో చేరాక ఆ కవర్లూ ఆగిపోయాయి. నేను అడగలేదు. ఇంకా లెక్క మాత్రం నోటుబుక్కులో ఉంది.

నీ బావమరిది బంగారంలాంటివాడే అయ్యుండొచ్చు. ఆయనకి భార్య ఉంది, అప్పులుంటాయి, ఆయుష్షు ఎంతో ఎవరికీ తెలియదు. దానికంటే నీ భార్య పేరు మీద కొను. విదేశీయుణ్ణి చేసుకుంది కాబట్టి కుదరదని ఊళ్ళో చెప్తారు. ఆస్తుల ఒప్పందం లేకపోతే నిజమే, పెళ్ళయ్యాక కొన్నది ఇద్దరిదీ అవుతుంది కాబట్టి. అందుకే ఆస్తులు వేరువేరని ఒప్పందం రాయించి, నమోదు చేయించండి. పూర్వం పెళ్ళికి ముందే రాయాలనేవాళ్ళు. 2016లో రాజ్యాంగ కోర్టు పెళ్ళి తర్వాతైనా రాసుకోవచ్చంది. అప్పుడు పొలం పూర్తిగా ఆవిడదే. నీకేం మిగిలింది అంటావా? భార్య మిగిలింది. ఆవిడనైనా నమ్మకపోతే పొలం ఎందుకు నాయనా!

ఇంకో మాట, నువ్వు జకార్తా దగ్గర చికారాంగ్‌లో ఉండి క్లాతెన్‌లో వరిపొలం కొంటానంటున్నావు. వ్యవసాయ భూమి సొంతదారు అదే మండలం, ఇక్కడి మాటలో కెచమతాన్‌లోనో, ఆనుకుని ఉన్న దాంట్లోనో నివాసం ఉండాలని 1961 నుంచి నిబంధన ఉంది. కాబట్టి ముందు నీ భార్య కేటీపీ (గుర్తింపు కార్డు) ఊరి అడ్రసుకి మారాలి. అందులో ఇల్లు కడదామనుకుంటే అది రక్షిత వరిభూమి కాదని మ్యాపులో చూసుకో. కడితే మాత్రం పునాది బీము, పైన రింగు బీము దగ్గర మిగుల్చుకోకు. 2006 మే 27 భూకంపంలో ఈ జిల్లాలో ఇటుక ఇళ్ళు ఎలా కూలాయో మా అత్తగారు ఇప్పటికీ చెప్తుంది. నేను మిగల్చవద్దని చెప్పే ఖర్చు ఇదొక్కటే.

పొలం మీద రాబడి అంటావా, పెద్దగా ఊహించుకోకు. ఇక్కడ అర హెక్టారు ఉన్నవాడే ఆసామి. మారో పద్ధతికిస్తే దున్నేవాడికి సగం, నీకు సగం. కోతకి ముందు పెనెబాస్ అని బేరగాడు వస్తాడు. గట్టు మీద నడుస్తూ ఒక కంకి తుంచి, అరచేతిలో నలిపి, గింజ కొరికి చూసి, నిలబడ్డ పైరుకే ధర చెప్తాడు. కొంత బయానా ఇస్తాడు. ఈలోగా బియ్యం ధర పడిపోయిందా, మిగతా సొమ్ము దగ్గర మళ్ళీ బేరం మొదలు. ఆ రోజు నువ్వు గట్టు మీద కనపడకు. విదేశీ అల్లుడి మొహం చూస్తే వాడు ఇంకా దిగుతాడు.

తమ పొలం తాకట్టు పెట్టుకుని డబ్బిమ్మని చుట్టాలు వస్తారు. ఏడేళ్ళు సాగు చేసుకుంటే అసలు తీసుకోకుండానే పొలం తిరిగిచ్చేయాలని చట్టం. అదయినా తెలుసుకుని డబ్బు తియ్యి.

చప్పుడు లేకుండా పర్సు ఖాళీ అయ్యే దారి ఇంకోటి ఉంది: పెళ్ళిళ్ళు. జావా పంచాంగంలో సురా నెలలో ఎవరూ ముహూర్తం పెట్టరు, మన ఆషాఢంలాగే. బెసార్ నెల వచ్చిందంటే ఊపిరాడదు. కొత్తల్లో పక్కింటివాళ్ళ పెళ్ళికి ఇండియా అల్లుడి దర్జా చూపిద్దామని కవర్లో పెద్ద నోట్లు పెట్టి, నా పేరు పెద్దక్షరాలతో రాశాను. ఆ రాత్రి మా అత్తగారు వంటింట్లో తన పుస్తకం తెరిచింది. ఎవరు ఎన్ని కిలోల బియ్యం తెచ్చారు, ఎంత పంచదార, కవర్లో ఎంత, అన్నీ రాసి ఉన్నాయి. మన చదివింపుల పుస్తకమే, కాకపోతే ఇక్కడ అంతకంతా తిరిగివ్వాల్సిందే. ‘వాళ్ళు ఇది ఎక్కణ్ణుంచి తెస్తారు?’ అంది. తర్వాత మా ఇంట్లో శుభకార్యానికి ఆ పక్కింటాయన అంత మొత్తమూ తెచ్చి ఇచ్చాడు. మేకని అమ్మాడని మా ఆవిడకి బావి దగ్గర తెలిసింది. నువ్వు అత్తగారు చెప్పినంతే, ఆవిడ పేరు మీదే పెట్టు. జింపితాన్ డబ్బాలో మాత్రం రోజూ నాణెం వెయ్యి. గుమ్మం పక్కన వేలాడే ఆ చిన్న డబ్బాని రాత్రి గస్తీవాళ్ళు తడిమి చూస్తారు. ఖాళీగా ఉంటే పొద్దున్నకి ఊరంతా తెలుస్తుంది, చిల్లరకి పరువు పోగొట్టుకోకు.

బయానా ఇచ్చేశానన్నావు కాబట్టి, మిగతాది ఇవ్వకుండా ముందు సెర్తిఫికాత్ (భూమి హక్కు పత్రం) అడుగు. 2017 నుంచి ప్రభుత్వమే ఊళ్ళకి ఊళ్ళు కొలిచి ఇస్తోంది, చాలామంది దగ్గర ఉంటుంది. నీ భార్యని తీసుకుని భూమి ఆఫీసులో నంబరు సరిచూసుకో. ఇంకా లెటర్ సీయే అయితే వారసులందరి సంతకాలూ అమ్మేవాడే తెచ్చుకోవాలి, దారి ఖర్చులతో సహా. మాట్లాడేదేదో కోతలకి ముందే మాట్లాడు. కోత డబ్బు చేతిలో పడితే ధర దగ్గర మెత్తబడడు.