గండికోటలో పొద్దున తీసిన ఫొటోలో ఆకాశం తెల్లగా, లోయ నల్లగా ఎందుకు వస్తుంది?

ఎండ పడే ఆకాశాన్నీ, నీడలో ఉన్న లోయనూ ఒకే క్లిక్‌లో పట్టేంత సామర్థ్యం కెమెరా సెన్సర్‌కు లేకపోవడమే కారణం. మీ కెమెరా చెడిపోలేదు.

సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెలుతురు పట్టే చిన్న గిన్నె లాంటిది. నిండాక ఎంత వెలుతురు పడినా లెక్కలోకి రాదు, ఆ చోటు తెల్లగానే నమోదవుతుంది. మరీ తక్కువ పడిన చోట నలుపు, నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) మిగులుతాయి. మన కన్ను ఎటు చూస్తే అటు సర్దుకుంటుంది కాబట్టి అక్కడ నిలబడినప్పుడు ఈ తేడా తెలియదు.

గండికోట అంచున నిలబడి సూర్యుడి వైపు కెమెరా పెట్టారనుకోండి. కింద పెన్నా పక్కనున్న ఎర్రరాళ్లు ఇంకా నీడలోనే ఉంటాయి. ఫోన్ స్క్రీన్ మీద ఆకాశాన్ని తాకి, బ్రైట్‌నెస్ కాస్త కిందికి లాగి తీయండి. లోయ నల్లగా కనిపించినా టెన్షన్ పడొద్దు. ఎడిటింగ్‌లో షాడోస్ (నీడ భాగాల వెలుతురు) పెంచితే రాళ్ల పొరలు చాలావరకు బయటికొస్తాయి. రా ఫైల్ (సెన్సర్ పట్టినదాన్ని దాదాపు అలాగే దాచే ఫైల్) అయితే మరీ మేలు. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. అయినా షాడోస్‌ను అతిగా లాగితే నాయిస్ తేలుతుంది, ఫొటో చూడబుద్ధి కాదు.

చాలామంది "వెలుతురు ఎక్కువైనా పర్లేదు, తర్వాత ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చులే" అనుకుంటారు. అది కుదరదు. పూర్తిగా తెల్లబడిన చోట మబ్బుల వివరమే నమోదు కాలేదు, స్లైడర్ ఎంత జరిపినా బూడిదరంగే వస్తుంది. మెగాపిక్సెల్స్ ఎక్కువున్న కెమెరా కొన్నంత మాత్రాన కూడా ఈ సమస్య పోదు.