నాన్నగారు వెంటిలేటర్ వద్దంటున్నారు, అమ్మ ఒప్పుకోవడం లేదు: పొలం అమ్మాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా ముదిరింది. వెంటిలేటర్ పెట్టవద్దని, ఇంట్లోనే ఉంటానని అంటున్నారు. అమ్మ, అమెరికాలో ఉన్న అక్క మాత్రం చివరిదాకా అన్ని వైద్యాలూ చేయించాలంటున్నారు. బీమా దాదాపు అయిపోయింది. అమ్మ పేరిట ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాలా, నాన్నగారి పొలం అమ్మాలా? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. ముందు నాన్నగారి మాట కాగితం మీదకు రావాలి. స్పృహలో ఉన్నంతకాలం ఏ చికిత్స వద్దో చెప్పే హక్కు ఆయనదే. ఆయన మాట్లాడలేని రోజున ఆ మాటకు రాతపూర్వక ఆధారం లేకపోతే, ఐసీయూ గుమ్మం దగ్గర సంతకాలు పెట్టేది మీరే. అప్పుడు నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమే బిల్లును పెంచుతూ పోతుంది.

తాను మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని లివింగ్ విల్ అంటారు. సుప్రీంకోర్టు 2018 మార్చిలో దాన్ని గుర్తించి, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలు. తన తరఫున నిర్ణయం చెప్పేవారిగా మీ పేరుతో పాటు అక్కగారి పేరు కూడా రాయించడం మంచిది. చికిత్స ఆపాలంటే రెండు వైద్య మండళ్లు (వైద్యుల బృందాలు) అంగీకరించాలి కనుక, ఆ పత్రం ఉన్నంతమాత్రాన ఎవరూ తొందరపడరని అమ్మగారికి వివరించండి. నాన్నగారు ఒప్పుకుంటే, తగ్గే ఇన్‌ఫెక్షన్ వస్తే ఆసుపత్రిలో చేర్చాలని, వెంటిలేటర్ మాత్రం వద్దని కూడా అందులో రాయవచ్చు. అమ్మగారి బెంగ చాలావరకు అక్కడే తీరవచ్చు.

అమ్మగారి డిపాజిట్ ఆమె రేపటి బతుకుతెరువు, దాన్ని ముట్టుకోకండి. ఉమ్మడి డిపాజిట్లు ఉంటే, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చన్న షరతు ఉన్నప్పటికీ, గడువుకు ముందు తీసేటప్పుడు బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగవచ్చు కనుక, నాన్నగారు సంతకం చేయగలిగినప్పుడే ఆ పని ముగించండి. పవర్ ఆఫ్ అటార్నీని నమ్ముకోవద్దు. ఇచ్చినవారి మతిస్థిమితం పోతే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారమూ ముగుస్తుంది.

ఇంటి దగ్గర చూసుకోవడానికీ ఖర్చవుతుంది. నొప్పి మందులు, ఆక్సిజన్, నర్సు కోసం కొంత సొమ్ము విడిగా ఉంచండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోను, జిల్లాల్లోని ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలలోను ఉపశమన వైద్యం అందుతుంది. ముందే వెళ్లి వివరాలు కనుక్కోండి. పొలం నాన్నగారిది కనుక, దాన్ని అమ్మాలో వద్దో ఆయననే అడగండి. ఆ సంభాషణలో అక్కగారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ఆయన ఒప్పుకున్న చికిత్సకు తన వంతుగా ఎంత పంపగలరో అప్పుడే తేల్చుకోండి.