తీపి పీపాలో పోస్తే పులుపు తగ్గుతుందా?

ప్రశ్న: అన్నా, నేను గచ్చిబౌలి దగ్గర ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తున్నాను. ఈసారి చేసిన కెటిల్ సోర్, అంటే కాచే పాత్రలోనే బాక్టీరియాతో పులిపించే పుల్ల బీరు, మరీ పుల్లగా వచ్చింది. పీహెచ్ (ఈ అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 3.1 చూపిస్తోంది, కస్టమర్లు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు. మా ఓనర్‌కి సోటర్న్ వైన్ పెట్టిన ఓక్ పీపా, 225 లీటర్లది, ఒకటి దొరికిందట. అందులో మూడు నెలలు ఉంచితే వైన్ తీపి దిగి పులుపు సర్దుకుంటుందని ఆయన నమ్మకం. నిజమేనా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: సర్దుకోదు తమ్ముడూ. మీ ఓనర్‌కి ఈ మాట మీరే చెప్పాల్సి రావడం కొంచెం టెన్షనే, కానీ పీపాకి డబ్బు కట్టకముందే చెప్పేయండి.

కల్లు సంగతి తీసుకోండి. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, అదే లొట్టి సాయంత్రానికి పుల్లబడుతుంది. మధ్యలో ఆ తీపి ఎవరు తిన్నట్టు? ఈస్ట్, బాక్టీరియా తినేశాయి. పీపాలోనూ అంతే. సోటర్న్ ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు తీపి వైన్, ద్రాక్ష తీగ మీద ఉండగానే బోట్రైటిస్ అనే బూజు పట్టి, నీరు ఇగిరి, పండు ముడుచుకుపోయాక కోసి చేస్తారు. దాంట్లో ఉండేది గ్లూకోజ్, ఫ్రక్టోజ్, అంటే ఏ ఈస్ట్ అయినా ఇష్టంగా తినే చక్కెరలు. మీ బీరులో ఈస్ట్ బతికుంటే అదే తింటుంది, లేకపోతే చెక్క సందుల్లో దాక్కున్న బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్ తింటుంది, దానికి తొందర ఉండదు కానీ వదిలిపెట్టదు.

అసలు తినేందుకైనా ఎంతుందో లెక్కేద్దాం. పీపా చెక్కలోకి ఎనిమిది లీటర్ల వైన్ ఇంకిందనుకోండి, లీటరుకి 130 గ్రాముల చక్కెర అనుకుంటే మొత్తం కిలోకి కాస్త ఎక్కువ. అదంతా బయటికొచ్చి 225 లీటర్ల బీరులో కలిసినా లీటరుకి నాలుగున్నర గ్రాములే. ఇరానీ చాయ్ కప్పులో ఒక్క చెంచా చక్కెర వేస్తే లీటరుకి 50 గ్రాముల లెక్క అవుతుంది, మరి ఇది ఏ మూలకి?

మరి జనం ఆ పీపాల వెంట ఎందుకు పడతారంటే, వాసన కోసం. చక్కెర పోయినా ఆప్రికాట్, తేనె, నారింజ తొక్క వాసనలు బీరులో మిగులుతాయి, ఓక్ నుంచి కాస్త వెనిలా వస్తుంది. మన పెళ్లి భోజనాల్లో ఖుబానీ కా మీఠా గిన్నె మూత తీసినప్పుడు వచ్చే ఘుమఘుమ ఉంది చూడండి, దాంట్లోంచి తీపి తీసేసి వాసన మాత్రం ఉంచినట్టు. ఆ వాసనకి నాలుక మోసపోయి పులుపు కొంచెం మెత్తబడినట్టు అనిపిస్తుంది, అంతే. 3.1 బీరుని ఆ మోసం కాపాడలేదు.

మీరు చేయాల్సింది కలపడం. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్ల బీరు చేసేవాళ్లు ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పీపాల్లో ఉన్న బీర్లని కలిపే గూజ్ అనే బీరు తయారుచేస్తారు, ఒక పీపా మరీ పుల్లబడితే దానికి సాధువైన ఇంకో పీపా జత. మీరు కూడా చేదునిచ్చే హాప్స్ పువ్వులు తక్కువ వేసి, పులుపు లేని తేలిక బీరు ఒకటి కాయండి. 70-30, 60-40, 50-50 చొప్పున గ్లాసుల్లో కలిపి ముందు తాగి చూడండి, మీటర్ తర్వాత. పీహెచ్ సగటు లెక్కలో నడవదు, నాలుకే నమ్మకం. తాగబుద్ధి అయ్యే పాళ్లు కుదిరాక అప్పుడు పీపాలోకి.

ఇక పీపా. బిరడా తీసి ముందు దూరం నుంచి వాసన చూడండి, ఎందుకంటే ఖాళీ పీపాల్లో గంధకం కాల్చి మూసేస్తారు, ఆ పొగ ముక్కుకి తగిలితే కళ్లలో నీళ్లే. ఆ ఘాటు కడిగితే పోతుంది. వెనిగర్ వాసనో నెయిల్ పాలిష్ వాసనో వస్తే మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. నేనొకసారి ఒక బ్రోకర్ ‘నిన్ననే వైన్ తీశారు సార్’ అంటే నమ్మి తెప్పించుకున్నాను, లారీలోంచి దించేటప్పుడే ఇనుప కట్టు జారి కింద పడింది, అంటే చెక్క ఎన్ని నెలలు ఎండిందో చూడండి. వేడినీళ్లు పోస్తే పలకల మధ్య గీతల వెంట చెమట పట్టినట్టు బొట్లు బొట్లుగా కారింది. అలాంటివి రెండు రోజులు నీళ్లు పట్టి ఉంచితే చెక్క ఉబ్బి మూసుకుంటాయి, నాది మూసుకుంది కూడా, కానీ లోపలి వాసన అప్పటికే వెనిగర్. చివరికి బాల్కనీలో మొక్క పెట్టాం.

మీది నిజంగా తాజాది, లోపల తడిగా ఉంటే ఎక్కువ కడగకండి. కడిగే కొద్దీ మీరు డబ్బు పెట్టి కొన్న వైన్ మోరీలో పోతుంది.

ఎండాకాలం గురించి కూడా ఆలోచించుకోండి. బెంగళూరులో విస్కీ పీపాల నుంచి ఏడాదికి 10 నుంచి 12 శాతం ఆవిరైపోతుంది, స్కాట్లండ్‌లో అది 2 శాతం దగ్గర. మన దగ్గర మే నెల సంగతి చెప్పక్కర్లేదు. బీరు తగ్గితే పైన ఖాళీ, ఖాళీలో గాలి, గాలి దొరికితే అసిటోబాక్టర్ అనే బాక్టీరియా బీరుని వెనిగర్ చేస్తుంది. కాబట్టి 16-18 డిగ్రీల్లో ఏసీ గది ఉంటేనే ఈ పని పెట్టుకోండి. మాటిమాటికీ బిరడా తీసి చూడొద్దు. అమెరికాలో రష్యన్ రివర్ బ్రూవరీ విన్నీ చిలుర్జో పద్ధతి ఒకటుంది, పీపా ముందు పలకకి చిన్న రంధ్రం చేసి స్టీల్ మేకు కొడతారు, రుచి చూడాలంటే మేకు లాగి నాలుగు చుక్కలు పట్టుకుని మళ్లీ కొట్టేయడమే.

మూడు నెలలని కేలెండర్ పెట్టుకోకండి, బీరులో చక్కెర ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటర్ చెప్పేదాకా ఆగండి. నెల తేడాతో రెండుసార్లు చూసినా అదే అంకె రావాలి. పోర్ట్‌లాండ్‌లో ఉండే మా బావమరిది చిన్న పోర్ట్ వైన్ పీపాలో పెట్టిన బీరుని ఆరు వారాలకే సీసాల్లో పట్టాడు. గ్యాస్ కోసం వేసే చక్కెర ఎలాగూ వేశాడు, దానికి పీపా చక్కెర తోడైంది. లీటరుకి 4 గ్రాముల చక్కెర పులిస్తే బీరు ఎంతో అంత పరిమాణం గ్యాస్ పుడుతుంది, మామూలు బీరు సీసాలో ఉండేదే రెండున్నర రెట్లు. ఒక రాత్రి గరాజ్‌లో వరసగా పేలాయి, పొద్దున వీడియో కాల్‌లో చూపిస్తే కారు టైరులో గాజు ముక్క, మా చెల్లెలు వెనకాల చీపురు పట్టుకుని నిలబడి ఉంది, ఏమీ మాట్లాడలేదు. మీరు కెగ్‌లలో, అంటే స్టీల్ పీపాల్లో పోస్తారు కాబట్టి పేలకపోవచ్చు, కానీ నురగ తప్ప గ్లాసులో ఏమీ పడదు.

ప్రశ్న: షెర్రీ వైన్ పీపాలైతే? పీఎక్స్ అంటారు కదా, అది ఇంకా తీపి అని విన్నాను.
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: అవునండీ, పీఎక్స్ అంటే పేద్రో హిమేనెస్, ఆ ద్రాక్షని స్పెయిన్‌లో ఎండలో ఆరబెట్టి చేస్తారు, లీటరుకి 400 గ్రాముల చక్కెర ఉండటం వింతేం కాదు. అంజీర్, కిస్‌మిస్, బెల్లం పాకం లాంటి వాసన. ముదురు రంగు సోర్‌కి బాగుంటుంది, లేత రంగు బీరుని మాత్రం మింగేస్తుంది. చక్కెర ఎక్కువ కాబట్టి ఆగాల్సిన కాలం కూడా ఎక్కువ. పైగా షెర్రీ పీపాలు 500 లీటర్లవి, విస్కీ కంపెనీలు పోటీపడి కొంటాయి, ధర చూసి కూర్చోవాల్సి వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో చిన్న పీపాతో చేయొచ్చా సార్?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాస్తే మన దగ్గర ఎక్సైజ్ కేసే, వద్దు. రుచి తెలుసుకోవాలనే అయితే ఒక పని చేయండి. బయట కొన్న సోర్ బీరు 200 ఎంఎల్ గ్లాసులో పోసి, నాసిక్‌లో తయారయ్యే లేట్ హార్వెస్ట్ (పండు ఆలస్యంగా కోసి చేసే) తీపి వైన్ రెండు చెంచాలు కలపండి. చెక్క వాసన ఒక్కటి ఉండదు. ఇది మాత్రం తియ్యగానే తగులుతుంది, గ్లాసులో ఈస్ట్‌కి తినేంత టైం దొరకదు కదా.