థారో జిమ్నీయో నీ ఇష్టం, గొలుసు మాత్రం ముట్టుకోకు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి "దీనికి బండి పిచ్చి పట్టింది రా, ఫోర్ బై ఫోర్ కొంటాదట, నువ్వైనా గడ్డి పెట్టు" అంది. నేను ఊఁ అని ఊరుకున్నాను, ఎందుకంటే లోపల సంతోషంగా ఉంది. మన ఇంట్లో ఆడపిల్ల స్కూటీ అడిగితేనే పంచాయతీ పెట్టిన రోజులు నాకు గుర్తే, ఇప్పుడు నువ్వు సొంత జీతంతో నాలుగు చక్రాలూ లాగే, మెల్లగా అయినా బలంగా లాగే లో రేంజ్ గేరు ఉన్న బండి కావాలంటున్నావు. సంతోషం సరే గానీ ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకో కింద చెప్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

నువ్వు మూడు పనులు రాశావు. రోజూ మద్దిలపాలెం నుంచి రుషికొండ ఆఫీసుకి, ఊళ్ళో నాన్న తోటలో ట్రాలీ లాగడానికి, ఇంకా సరదాకి. ఈ మూడూ ఒకే బండిలో సమానంగా దొరకవమ్మా, ఒకటి బాగా చేసేది ఇంకోదాన్లో ఏడిపిస్తుంది. అందుకే ముందు రోజువారీ సంగతి చూసుకో, నువ్వు బురదలో తిరిగేది ఏడాదిలో నాలుగు రోజులు, మిగతాదంతా తారు రోడ్డు మీదే, హనుమంతవాక సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కుతూ.

మారుతీ జిమ్నీ చిన్న బండి, బరువు 1200 కిలోల దగ్గర, వెడల్పు 1645 మిల్లీమీటర్లే, సందుల్లో దూరిపోద్ది. ఇసకలో కూడా బరువు తక్కువ కాబట్టి తేలిగ్గా పోద్ది. ఏ వేరియంట్ తీసుకున్నా ఫోర్ బై ఫోర్ ఉంటాది, అది నాకు నచ్చిన సంగతి. కానీ ఇంజన్ 105 హార్స్ పవర్ పెట్రోల్, టార్క్, అంటే లాగే బలం, 134 న్యూటన్ మీటర్లే, లాగే పనికి పెట్టుకోవద్దు. మహీంద్రా మూడు డోర్ల థార్ డీజిల్‌ది టార్క్ 300, లాగుద్ది, కానీ వెనక సీట్లోకి మీ అమ్మ ఎక్కాలంటే ముందు సీటు మడిచి వంగి దూరాలి, ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా. థార్ రాక్స్ అయితే ఐదు డోర్లు, క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు, హైవే మీద కుదురుగా పోద్ది, కాకపోతే 4.4 మీటర్ల పొడవు, నీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఒకసారి టేపు పెట్టి కొలువు. ఫోర్స్ గూర్ఖాకి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు ఉంటాయి, ఒక చక్రం ఉత్తినే తిరుగుతున్నా రెండోదానికి బలం పోయేలా పట్టేస్తాయి, 700 మిల్లీమీటర్ల నీళ్ళలో దిగుద్ది, అడివిలో దానంత మొండి బండి ఇంకోటి లేదు, కానీ రోజూ ఆఫీసుకా? వద్దు. ఇంక ఇసుజు వి-క్రాస్, వెనక సరుకు తొట్టి ఉండే పికప్, మన శ్రీసిటీలోనే తయారవుద్ది, టార్క్ 360, ట్రాలీ లాగడానికీ కొబ్బరి బస్తాలు వెయ్యడానికీ రాజా, కానీ ఐదుంపావు మీటర్ల బండిని నువ్వు ఆఫీసు పార్కింగులో ఎక్కడ పెడతావో నాకు అర్థం కాదు.

ఇంకో మోసం ఉంది చూసుకో. 2023 నుంచి మూడు డోర్ల థార్‌లో వెనక చక్రాలే తిరిగే రకం కూడా వస్తోంది, బయటికి అచ్చం అలాగే ఉంటాది. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే మాటలు నమ్మకు, గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందా లేదా చూడు.

అసలు ఫోర్ బై ఫోర్ ఎంత అవసరం అంటే, నేను పాడేరు ఘాట్‌లో సర్వీసు కమాండర్ జీపు తోలినప్పుడు దానికి తిరిగేవి వెనక చక్రాలే, లోపల ఎంతమందో టాపు మీద అంతమంది, సంత రోజు అయితే కోళ్ళు, పసుపు బస్తాలు, ఒకసారి మేక పిల్ల నా ఒళ్ళోనే కూర్చుంది. అయినా ఎక్కేది. మనిషికి గేరు ఎప్పుడు వెయ్యాలో తెలిస్తే బండి సగం పని చేసేస్తాది. నీ తరం వాళ్ళు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తియ్యరు, వంజంగి నుంచి దిగే కార్ల దగ్గర కాలిన వాసన ఎందుకొస్తాదనుకున్నావు? ఎక్కిన గేర్లోనే దిగు, ఇంజనే పట్టుకుంటాది. ఇంకొకటి, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హెచ్, అంటే మామూలు వేగంలో నాలుగు చక్రాలూ లాగే గేరు, వేసి తిప్పకు. ఈ బండ్లలో ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్యలో వేరువేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద జారడానికి చోటుండదు, బండి పట్టేసినట్టు ఆగుద్ది, గేర్లు అరుగుతాయి. ఫోర్ హెచ్ బురదకీ ఇసకకీ, ఫోర్ ఎల్, ఆ లో రేంజ్, మరీ కష్టానికి, మిగతాదంతా వెనక చక్రాలే లాగే టూ హెచ్.

ఇప్పుడు నాకు నిద్ర పట్టని సంగతి. లాగడం.

మీ నాన్న ముంజేతి మీద పొడుగు గాటు ఉంది కదా, తిత్లీ తుఫాన్లో రేకు కోసుకుందని నీకు చెప్పారు. రేకు కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున తిత్లీ వచ్చిందా, నువ్వప్పుడు వైజాగ్ హాస్టల్లో ఉన్నావు, ఫోన్లు లేవు, ఉద్దానం మొత్తం కొబ్బరి చెట్లు పడుకున్నాయి, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేక బోర్లు ఆగిపోయి తాగడానికి నీళ్ళు లేవు, ట్యాంకర్ వీధిలోకి రావాలంటే మన మలుపులో అడ్డంగా పడ్డ కొబ్బరి మానులు తియ్యాలి. రంపం మిషన్లు ఉన్నవాళ్ళు అప్పటికే వేరే ఊళ్ళకి పోయారు. బావకి ఓపిక ఎక్కడిది, పాత జీపు తీశాడు. గొలుసు పొట్టిదైందని దానికి పడవ వాళ్ళ దగ్గర తెచ్చిన నైలాన్ మోకు కలిపి కట్టాడు, గొలుసు కొక్కెం మానుకి, మోకు జీపుకి. నేను నెమ్మదిగా బిగించి లాగు బావా అంటూనే ఉన్నాను, ఒకసారి లాగితే కదల్లేదు, అప్పుడు ఏం చేశాడంటే వెనక్కొచ్చి మోకు వదులు చేసి, పరుగు పెట్టించి ఒక్క గుంజు గుంజాడు. నైలాన్ సాగుద్దమ్మా, సాగినంత బలం దాచుకుంటాది. మాను కదల్లేదు, కొక్కెం నోరు విచ్చుకుంది, ఆ గొలుసు మొత్తం ఉండేలుబద్ద రాయిలాగ తిరిగొచ్చింది. వెనక టార్పాలిన్ చింపుకుని లోపలికొచ్చి, బావ చేతిని గీరుకుంటూ పోయి మీటర్ల అద్దం పగలగొట్టి అక్కడ ఆగింది. చప్పుడు కూడా నాకు సరిగ్గా వినపడలేదు. కిందకి దిగి ముందు "పిల్లలు ఎక్కడున్నారు" అన్నాడు, తన చెయ్యి చూసుకోలేదు. పిల్లలు గోడ ఎక్కి చూస్తున్నారు, మోకుకి పక్కనే. ఇంకో జానెడు అటు అయితే నువ్వు ఈ రోజు బండి గురించి నాన్న లేని పిల్లలాగ నన్ను అడిగేదానివి. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, నువ్వూ చెప్పకు, మీ నాన్నని అడిగితే నా మీద విరుచుకుపడతాడు, పడనీ.

అందుకే ఊళ్ళో ఎవడైనా ట్రాక్టర్ ఇరుక్కుంది, మాను పడింది, నీ బండి తీసుకురా అంటే లాగడానికి నీ దగ్గర సరైన సామాను ఉంటేనే వెళ్ళు. బంపర్‌కి కట్టకు, ట్రాలీ తగిలించే గుండుకి అసలే కట్టకు, అది విరిగితే తూటా. ఛాసిస్‌కి ఉన్న రికవరీ హుక్‌కే, ఎంత బరువు ఆపుద్దో ముద్ర వేసిన డి-షాకిల్‌తో, అంటే డి ఆకారం ఇనప కొండీతో, కట్టాలి. గొలుసు వద్దు, ముళ్ళు వేసిన తాడు వద్దు. తాడు మధ్యలో గోనెసంచో దుప్పటో వేస్తే తెగినా విసురు కొంచెం తగ్గుద్ది. చూసేవాళ్ళని తాడు పొడుగు కంటే దూరం పంపించు, తిడితే తిట్టనీ.

నాన్న ట్రాలీ సంగతికొస్తే, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబర్ ప్లేట్ ఉండాలి, బండి మాన్యువల్లో ట్రైలర్ ఎంత బరువు అని రాస్తే అంతే, రాయకపోతే లాగకు. సరుకు ట్రాలీ ముందు వైపు కొంచెం ఎక్కువ బరువుండేలా సర్దాలి, వెనక బరువైతే వేగం పెరగగానే తోక ఊపుద్ది, అప్పుడు బ్రేకు కొట్టకు, యాక్సిలరేటర్ మెల్లిగా వదిలేయ్. నన్నడిగితే తోటలో పనికి అద్దె ట్రాక్టరే చాలు.

నీళ్ళు, ఒక్క మాట. వాగు పారుతుంటే దిగకు, అడుగు లోతు ప్రవాహమే చిన్న కారుని లేపేస్తాది. ఇంజన్లోకి నీళ్ళు పోయి ఆగితే మళ్ళీ స్టార్ట్ చెయ్యకు, కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేని ఇన్సూరెన్స్ దానికి పైసా ఇవ్వదు. బండి ముందు వైపు బిగించే ఇనప గార్డు వద్దు, 2017లోనే కేంద్రం వద్దంది.

బారువ బీచ్‌కి రాత్రిళ్ళు బండి దింపుతానంటే మాత్రం నేనే వచ్చి తాళాలు లాక్కుంటా, జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టుకునే చోటు అది.

నిజం చెప్పాలంటే నాకు నువ్వు జిమ్నీయే కొంటే బాగుండనిపిస్తోంది. బాగుంటాదని కాదు, దాన్ని చూసి ఊళ్ళో ఎవడూ లాగమని అడగడు. కానీ నువ్వు రాక్స్ డీజిలే కొంటావు, నాకు తెలుసు, మీ అమ్మ కూర్చుంటాదని సాకు చెప్తావు, అది మంచి సాకే. ఫోర్ బై ఫోర్ అందులో డీజిల్‌కే వస్తాది, బుక్ చేసేటప్పుడు కాగితం మీద రాయించుకో. డెలివరీ ముందు రోజు నాకు ఫోన్ చెయ్యి, కింద పడుకుని చూసేది నేనే. కంప్రెసర్ ఒకటి కొనుక్కో, ఇసకలో టైర్ల గాలి 18 పీఎస్‌ఐకి దించడం, మళ్ళీ ఎక్కించడం నేనే నేర్పిస్తా, మీ నాన్నని వెనక సీట్లో కూర్చోపెడదాం.

మావయ్య